ఊరి పేరు పక్కన "లో" చేర్చితే "హైదరాబాద్లో" అని వత్తు ఎందుకు పడుతోంది?

మీ బస్సు టికెట్ల సైటుకి తెలుగు కలిపారు. ఊరి పేరు డేటాబేసు నుంచి వచ్చి దాని పక్కన "లో", "కి" చేరినచోట "హైదరాబాద్లో", "వరంగల్కి" అని పడుతోంది, ఫాంటు మార్చినా పోలేదు అన్నారు. పోదండి. తప్పు ఫాంటుది కాదు.

పేరు చివర పొల్లు ఉంది. పొల్లు వెనకే హల్లు వస్తే ఆ హల్లు వత్తుగా మారాలి, బ్రౌజరు ఆ పనే చేస్తోంది. మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ (పక్క అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనబడని గుర్తు), అంటే యూనికోడ్‌లో 200సీ, పెడితే "హైదరాబాద్‌లో" అని విడిగా నిలుస్తుంది. అనువాద ఫైలులో వేరియబుల్‌కీ "లో"కీ మధ్య ఎప్పుడూ ఉంచేయండి. "నెల్లూరు" లాంటి పేర్ల తర్వాత ఉన్నా కంటికి తేడా తెలియదు. కంటికి కనబడదు కాబట్టే ఎడిటర్‌లో ఎవరో ఒకరు చెరిపేస్తారు కూడా. అందుకని జేసన్‌లో (అనువాదాలు దాచే ఫైలులో) నేరుగా అతికించకుండా బ్యాక్‌స్లాష్ వేసి యూ200సీ అని రాయండి. ఫారాల్లో కనబడని అక్షరాల్ని ఏరేసే ఫిల్టర్ ఉంటే దీన్ని మినహాయించాలి. సెర్చ్‌లో మాత్రం ఉల్టా: టైపు చేసిన మాటలోంచీ ఇండెక్స్‌లోంచీ రెండింట్లోనూ తీసేసి పోల్చాలి, లేకపోతే ఉన్న ఊరే దొరకదు.

ఇది కట్టు కట్టడమే, మందు కాదు. "ఖమ్మం"కి "లో" చేరిస్తే "ఖమ్మంలో", బాగానే ఉంది. "కి" చేరిస్తే "ఖమ్మంకి" కాదు, "ఖమ్మానికి" కావాలి. విశాఖపట్నం, శ్రీకాకుళం, విజయనగరం అన్నీ ఇంతే. దీనికి కోడ్‌లో సంధి సూత్రాలు రాయబోకండి, తెమలదు. విడిగా నిలబడే మాటలు వాడండి: "ఖమ్మం నుంచి విశాఖపట్నం వరకు". లేదా "చేరే ఊరు: ఖమ్మం" అని లేబుల్ పెట్టండి.

మనుషుల పేర్లకి ఇంకా సులువైన దారి ఉంది, "గారు". పేరు ఎలా ముగిసినా విభక్తి దాని మీద పడదు, "గారు" మీద పడుతుంది: "రమేష్ గారికి", "సీత గారి టికెట్". క్రియ కూడా "రద్దు చేశారు" అయిపోతుంది కనుక ఆడా మగా అని అడిగి దాచుకోనక్కర్లేదు.

లెక్కల దగ్గర "1 మంది ప్రయాణికులు" అని రావడం మామూలే. సీఎల్‌డీఆర్ (యూనికోడ్ వాళ్ళ భాషల సమాచార కోశం) ప్రకారం తెలుగుకి ఏకవచనం, మిగతావి అని రెండే వర్గాలు. "ఒకరు", "ఇద్దరు" రావాలంటే ఐసీయూ మెసేజ్‌ఫార్మాట్‌లో (లెక్కని బట్టి వాక్యం మార్చే రాత పద్ధతిలో) సమానం గుర్తుతో 1కి, 2కి విడి వాక్యాలు ఇచ్చి, మిగతా వాటికి "మంది" పెట్టండి. ఓపిక ఉంటే ముగ్గురు, నలుగురు కూడా. హిందీ ఫైలుని కాపీ కొట్టకండి: హిందీలో సున్నా ఏకవచనంలోకి వెళుతుంది, తెలుగులో వెళ్ళదు. సున్నాకి "సీట్లు లేవు" అని విడిగా రాస్తే గొడవే లేదు.

అంకెలకి టీఈ-ఐఎన్ లొకేల్ (భారత్‌లోని తెలుగు అని చెప్పే కోడ్) ఇస్తే 12,34,567 అని లక్షల్లో కామాలు పడతాయి. లైన్-హైట్ (వరుస ఎత్తు) 1.6 కన్నా తగ్గించకండి, బటన్లకి ఎత్తు బిగించకండి, కింది వత్తులు తెగుతాయి. లెటర్-స్పేసింగ్ (అక్షరాల మధ్య ఎడం) సున్నా ఉంచండి.

ఎస్సెమ్మెస్ ఖర్చు ముందే చూసుకోండి. ఇంగ్లీషులో ఒక సందేశానికి 160 అక్షరాలు, తెలుగులో 70. అది దాటితే ఒక్కో ముక్కకి 67. గుణింతాలు, పొల్లులు అన్నీ లెక్కలోకే వస్తాయి, "శ్రీ" ఒక్కటే నాలుగు.

పీడీఎఫ్ టికెట్‌ని "విశాఖపట్నం"తో పరీక్షించండి. అక్షరాల కూర్పు తెలియని లైబ్రరీ అయితే అక్కడ "విశాఖపట్‌నం" అని వత్తు పడాల్సినచోట పడదు. అలా వస్తే అదే పేజీని హెడ్‌లెస్ క్రోమ్‌తో (తెర మీద కనబడకుండా నడిచే క్రోమ్ బ్రౌజరుతో) పీడీఎఫ్ తీయించండి.