ఏ పేజీలో అనిపించింది నీకలా?

చిరంజీవికి,

నీ వ్యాసం అందింది. మూడు నవలలు, మూడు ఆత్మకథలు, అన్నిటి మీదా కలిపి పన్నెండు పేజీలు రాశావు. భాష శుభ్రంగా ఉంది. ఇక అసలు సంగతికి వస్తాను.

అయిదో పుస్తకం, ఆ ఉద్యమకారుడి ఆత్మకథ గురించి రాస్తూ "ఆయన పడ్డ కష్టాల ముందు ఈ పుస్తకంలో లోపాలు ఎంచడం భావ్యం కాదు" అన్నావు. అది చదివి కోపం వచ్చింది. కానీ ఆ కిందే బ్రాకెట్లలో ఒక ముక్క రాసి వెళ్ళిపోయావు: "నాలుగు వందల పేజీల్లో ఆయన భార్య పేరు నాకెక్కడా కనబడలేదు". నాచేత ఈ ఉత్తరం రాయిస్తున్నది ఆ ముక్కే. పన్నెండు పేజీల్లో నువ్వు నీ కళ్ళతో చదివి చెప్పిన మాట అదొక్కటే. దాన్నేమో బ్రాకెట్లలో దాచావు.

మనిషి బతికిన బతుకు వేరు, దాన్ని చెప్పిన పుస్తకం వేరు. జైలుకెళ్ళొచ్చిన మనిషికి చేతులెత్తి దండం పెట్టు, ఎవరూ వద్దనరు. పుస్తకం మీద రాసేటప్పుడు మాత్రం ఏది చెప్పారు, ఏది వదిలేశారు, దేనికెన్ని పేజీలిచ్చారు అన్నదే చూడాలి. భార్య పేరు లేదని పట్టుకున్నదానివి, ఇంకో గంట కూర్చుని ఆమె ఎన్ని చోట్ల వచ్చిందో గుర్తు పెట్టుకోవాల్సింది. ఏ పనిలో ఉండగా వచ్చింది? వండి పెడుతూనా, గుమ్మంలో సాగనంపుతూనా, జబ్బుపడా? ఆమె నోట ఒక్క మాటైనా పలికించారా? ఆయన జైల్లో ఉన్నన్నాళ్ళూ ఇల్లెలా గడిచిందో ఎక్కడైనా ఉందా? వేదిక మీద తన పక్కన కూర్చున్న వాళ్ళ పేర్లన్నీ ఇంటిపేర్లతో సహా రాశారా? ఇవన్నీ తేల్చుకుని "ఈ ఆత్మకథలో సభలకున్నంత చోటు ఇంటికి లేదు" అని రాస్తే కాదనడం ఎవరి తరమూ కాదు. అందులో ఆయనకు అవమానమూ లేదు.

నేను పట్టుబట్టేది ఒక్కటే, ఎన్నిసార్లయినా అదే చెబుతాను. ఏ అభిప్రాయానికైనా పేజీ చూపించాలి. పొగడ్తకీ చూపించాలి, తెగడ్తకీ చూపించాలి. "గుండెను తడిమింది", "పాత్రలు కళ్ళ ముందు కదలాడాయి", "ఆపకుండా చదివించింది" లాంటి మాటలు ఏ పుస్తకానికైనా అతుకుతాయి. నీ వ్యాసంలో ఆ మూడూ ఉన్నాయి, రెండేసి సార్లు. పుస్తకం పేరు మార్చినా చెల్లిపోయే వాక్యం ఆ పుస్తకం గురించి ఏమీ చెప్పనట్టే. అలాంటివి కొట్టేస్తూ పో. మిగిలింది రెండు పేజీలే అయినా ఫరవాలేదు.

పేజీ చూపించాలంటే చదివేటప్పుడే గుర్తులు ఉండాలి. పెన్సిలు చేతిలో పెట్టుకో. మూడు గుర్తులు చాలు. ఒళ్ళు మరిచి చదివిన చోట నిలువుగీత. అర్థం కాకో, నమ్మబుద్ధి కాకో వెనక్కి తిప్పిన చోట ప్రశ్నార్థకం. పుస్తకం మూసి పక్కన పెట్టిన చోట చుక్క. ఈ చుక్కల్ని చిన్నచూపు చూడకు, అన్నిటికన్నా నిజం చెప్పేవి అవే. నిద్రొచ్చి మూసిన చుక్కలు పోగా మిగిలినవి ఒకే అధ్యాయంలో నాలుగు పడ్డాయంటే అక్కడేదో జరిగింది. గ్రంథాలయం పుస్తకమైతే గీతలొద్దు, కాగితం ముక్కలు పెట్టుకో.

పుస్తకం పూర్తయిన రాత్రే పది వాక్యాలు రాసి పక్కన పెట్టెయ్. మూడు రోజులాగి మొదటి అధ్యాయం, చివరి అధ్యాయం, గుర్తులున్న పేజీలు మళ్ళీ చదువు. ఎందుకంటే ఆఖరి ముప్పై పేజీలు మనల్ని మోసం చేస్తాయి. ముగింపు బాగుంటే నడుమ పడ్డ విసుగంతా మరిచిపోతాం. ముగింపు చెడితే అంతకుముందు హాయిగా చదివిన రెండు వందల పేజీలకీ అన్యాయం చేస్తాం. ఆ అన్యాయం జరగకుండా కాపాడేది అప్పటికప్పుడు పెట్టిన గుర్తులే.

నీ మూడో పుస్తకమే చూడు, అన్నదమ్ములు ఇల్లు పంచుకునే నవల. "కథనం కాస్త నెమ్మదిగా సాగింది" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఆ నవల తీసి పేజీలు లెక్కపెట్టాను. మొదటి 64 పేజీలూ ఒకే రోజు కథ. తండ్రి పోయిన రోజది. నిజంగా నెమ్మదైన భాగం అదే. అయినా విసుగు పుట్టదు, ఎందుకంటే ప్రతి పేజీలోనూ ఎవరో ఒకరు ఇంకొకరి దగ్గర ఏదో దాస్తుంటారు. ఆ తర్వాత 211వ పేజీ చివర "పదకొండేళ్ళు గడిచాయి" అని ఒక వాక్యం. పేజీ తిప్పేసరికి అంతవరకూ అందరినీ కలిపి ఉంచిన పెద్దకోడలు ఎవరితోనూ మాట్లాడని మనిషైపోయింది. ఆ మార్పు మనకి చూపించలేదు, జరిగిపోయిందని చెప్పారంతే. అక్కణ్ణుంచి ఆమె ఏం చేసినా మనకి పట్టదు. నీకు విసుగు పుట్టింది అక్కడ. రచయిత నెమ్మదిగా నడిచినందుకు కాదు, తొందరపడినందుకు! కారణం పూర్తిగా తలకిందులు. చుక్కలు పెట్టుకుని ఉంటే ఆ సంగతి నీకే తెలిసేది.

నవలకి ఈ లెక్క ఎప్పుడూ పనికొస్తుంది, ఎన్నేళ్ళ కథకి ఎన్ని పేజీలు అన్నది. దాంతోపాటు ఇంకో రెండు చూడు. కథ చెబుతున్నదెవరు, వాళ్ళకి ఎంతవరకు తెలిసే వీలుంది? పదేళ్ళ పిల్లవాడు చెబుతున్న కథలో పెద్దవాళ్ళ మనసులోని లెక్కలు పూసగుచ్చినట్టు వస్తుంటే ప్రశ్నార్థకం పెట్టు. సంభాషణ ఉన్న పేజీలో పేర్లు వేలితో మూసి చదువు. ఎవరి మాటో పోల్చుకోలేకపోతే పాత్రలందరూ రచయిత గొంతుతోనే మాట్లాడుతున్నారన్నమాట. ఇక రెండో నవలలో మోసగాడికి శిక్ష పడలేదని నొచ్చుకున్నావు. అది కథలో మనిషితో నీ తగువు, నవలలో లోపం కాదు. అలాంటి మనిషిని నమ్మించేలా రాశారా లేదా, అంతే చూడు.

ఆత్మకథల దగ్గర ఇంకాస్త ఓపిక కావాలి. జరిగిందెప్పుడు, రాసిందెప్పుడు? ఈ రెండు ఏళ్ళూ వ్యాసం మొదట్లోనే రావాలి. ఆరేళ్ళ వయసులో తండ్రి అన్న మాటలు అరవయ్యేళ్ళ తర్వాత అరపేజీ సంభాషణగా వచ్చాయంటే అవి గుర్తున్న మాటలా, ఇప్పుడు కట్టిన మాటలా అని అడగాలి. కట్టినవైనా తప్పులేదు, రచయితకి ఆ ఎరుక ఉన్నట్టు పుస్తకంలో కనబడాలి. సొంతంగా రాశారా, చెప్పి రాయించారా? చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు చూపు పోయాక చెప్పి రాయించిన స్వీయచరిత్రను అది తెలిసి చదవడం వేరు, తెలియక చదవడం వేరు. ఎక్కడ ఆపారో కూడా చూడాలి. ఆదిభట్ల నారాయణదాసుగారి 'నా యెరుక' ఆయన ముప్పయ్యో ఏటి దాకానే నడుస్తుంది. అలాంటి పుస్తకం పట్టుకుని తర్వాతి జీవితం చెప్పలేదేమని రాయడం చదవనివాళ్ళు చేసే పని.

నీ ఆరో పుస్తకం అట్ట మీద 'నవల' అని స్పష్టంగా ఉంది. నువ్వు దాన్ని ఆత్మకథల్లో కలిపి రచయిత్రి మీద జాలిపడ్డావు. ఫిలిప్ లెజున్ అనే ఫ్రెంచి విమర్శకుడు 1975లో ఈ చిక్కుకో కొలత ఇచ్చాడు. పుస్తకం రాసినవారు, అందులో 'నేను' అంటున్నవారు, ఆ కథ ఎవరిదో వారు, ముగ్గురూ ఒకే పేరుతో ఉంటే అది ఆత్మకథ. 'ఇది నా జీవితమే' అని పాఠకుడికి ఇచ్చిన మాట అన్నమాట. ఆ గీతని చెరిపే పుస్తకాలూ ఉన్నాయి. శ్రీశ్రీ 'అనంతం'ను ఆత్మచరిత్రాత్మక నవల అన్నారు. అలా అన్నప్పుడు ఆ పేరుకి తగ్గట్టే చదవాలి, తేదీలతో తగువు పడకూడదు. జీవితమే అని మాటిచ్చి కల్పిస్తే మాత్రం నిలదీయాలి. జేమ్స్ ఫ్రే అనే అమెరికన్ రచయిత 2003లో తన జ్ఞాపకాలని చెప్పి వేసిన పుస్తకంలో కల్పించిన ఘట్టాలున్నాయని 2006లో బయటపడింది. కొన్నవాళ్ళకి డబ్బు వాపసు ఇవ్వడానికి ప్రచురణకర్తలు ఒప్పుకోవలసి వచ్చింది. నవల అని వేసి ఉంటే ఆ గొడవే లేదు.

నాలుగో పుస్తకం అనువాదం. "రచయిత శైలి అద్భుతం" అన్నావు, అనువాదకుల పేరు ఎక్కడా లేదు. నువ్వు చదివిన ప్రతి వాక్యమూ ఆ అనువాదకులు రాసిందే. పేరు వెయ్యి.

ముందుమాటలు చివర చదువు, మొదట వద్దు. మన పుస్తకాలకి ఇద్దరు ముగ్గురు స్నేహితులు ముందుమాటలు రాస్తారు. సమీక్షల్లో సగం వాటిలోంచి ఎత్తినవే. నీ మొదటి పుస్తకం మీద రాసిన రెండు పేరాలు అట్ట వెనకమాటకి ఎంత దగ్గరగా ఉన్నాయో పక్కపక్కన పెట్టి చూసుకో. ఈ అలవాటు పెరగడంలో సంపాదకుల పాపమూ ఉంది. కథంతా చెప్పి చివర రెండు మంచిమాటలు కలిపితే వేసుకుంటారు. లోపం చూపిన పేరా ఒక్కటి ఉంటే "రచయిత నొచ్చుకుంటారండీ" అని దాన్నే కత్తిరిస్తారు. ఇప్పుడు దానికి తోడు అయిదింటికి ఇన్ని నక్షత్రాలని మార్కులు వేసే వేలం వెర్రి ఒకటి! నువ్వూ వేశావు. తీసెయ్. 'మూడున్నర' అంటే పుస్తకంలో ఏది బాగుందో, ఏది లేదో ఎవరికి తెలుస్తుంది?

కథ చెప్పడానికి వ్యాసంలో అయిదో వంతు దాటనివ్వకు. మూలంలోంచి మూడు నాలుగు వాక్యాలు ఎత్తి చూపించు, మంచి చోటు నుంచి ఒకటి, కుంటుపడిన చోటు నుంచి ఒకటి ఉండేలా. ఎత్తిన వాక్యాల్ని అక్షరం అక్షరం పుస్తకంతో సరిచూసుకో. ఒక్క మాట తప్పినా రచయిత దాన్ని పట్టుకుంటారు, నువ్వు సరిగ్గా చెప్పినవీ దాంతోపాటే కొట్టుకుపోతాయి.

ఏ పత్రికకి పంపాలని అడిగావు. ఆ సంగతి తర్వాత. ఆరు పుస్తకాలూ ఒకే వ్యాసంలో కుక్కకు, ముందు ఆ ఆత్మకథ ఒక్కదాని మీదే తిరగరాసి పంపు. పేజీ సంఖ్యలు వేసేటప్పుడు ఏ ముద్రణ, ఏ సంవత్సరం అన్నది కూడా రాయి. ముద్రణ మారితే పేజీలు మారతాయి, నా దగ్గరున్నది పాత ముద్రణ.

ఉంటాను.