క్రాస్ పీస్ అంటే ఏమిటి?

ప్రశ్న: గుండ్రటి మెడకి పైపింగ్ (అంచు వెంట కుట్టే సన్నటి గుడ్డ పట్టీ) వేయాలంటే క్రాస్ పీసే తీసుకోమంటారు. నిలువుగా కత్తిరించిన పట్టీ ఎందుకు పనికిరాదు?

జవాబు: బట్టలో పొడవునా పోయేవి పడుగు దారాలు, అడ్డంగా పోయేవి పేక. ఈ రెండింటికీ మధ్యగా, అంటే 45 డిగ్రీల ఏటవాలుగా కత్తిరించిన పట్టీనే క్రాస్ పీస్ అంటారు. నిలువు పట్టీని లాగి చూడండి, దాదాపు కదలదు. క్రాస్ పట్టీ మాత్రం రబ్బరులా సాగుతుంది, అందుకే మెడ, చంక లాంటి వంపుల్లో ముడతలు పడకుండా ఒదిగిపోతుంది, పైగా అంచు దారాలు కూడా అంతగా ఊడవు.

కత్తిరించడం తేలికే. బట్ట అడ్డం అంచుని తెచ్చి నిలువు అంచు మీద సరిగ్గా పెడితే ఏటవాలు మడత వస్తుంది, దానికి సమాంతరంగా గీతలు గీసుకుని ఒకటింపావు అంగుళం వెడల్పుతో పట్టీలు తీస్తే మామూలు పైపింగ్‌కి చాలు. పట్టీలు కలిపేటప్పుడు అతుకు కూడా ఏటవాలుగానే రావాలి, లేకపోతే అక్కడ లావుగా ఉబ్బి కనిపిస్తుంది. కుట్టేటప్పుడు పట్టీని మరీ లాగొద్దు, మెడ కుచ్చులు పడుతుంది. ఐరన్ కూడా రుద్దకుండా అద్దినట్టు చేయండి. తిన్నటి అంచులకైతే ఇంత టెన్షన్ అక్కర్లేదు, నిలువు పట్టీ చాలు.