పక్కింటి కేక ముందే ఎందుకు వినిపిస్తుంది?

క్రికెట్ ప్రపంచకప్ మ్యాచ్‌లను ఇంట్లో టీవీలో చూసేవాళ్లూ, టికెట్ కొని స్టేడియానికి వెళ్లేవాళ్లూ పంపిన ఉత్తరాల్లో ఐదింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: ఫోన్‌లో మ్యాచ్ చూస్తుంటాను. బౌలర్ ఇంకా రనప్ మొదలుపెట్టకముందే పక్కింట్లో ‘సిక్స్’ అని కేకలు వినిపిస్తాయి. మా నెట్ స్పీడు 100 ఎంబీపీఎస్. లోపం ఎక్కడుంది? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీ నెట్‌లో లోపం లేదు. స్పీడు వేరు, ఆలస్యం వేరు. స్టేడియం నుంచి వచ్చే బొమ్మను యాప్ ఒకే ధారగా పంపదు. కొన్ని సెకన్లకొక ముక్క చొప్పున కత్తిరించి, ఒక్కో ముక్కనూ నాలుగైదు నాణ్యతల్లో తయారుచేసి, సర్వర్లకు చేర్చి, అక్కడి నుంచి మీ ఫోన్‌కు ఇస్తుంది. మధ్యలో ఆగిపోకుండా ఉండేందుకు ఫోన్ కూడా రెండు మూడు ముక్కలు ముందే పోగేసుకుని ఆ తర్వాతే చూపిస్తుంది. అన్నీ కలిపి సాధారణంగా 20 నుంచి 40 సెకన్లు వెనకబడతారు. పక్కింట్లో డిష్ ఉండి ఉంటుంది. ఉపగ్రహం 36,000 కి.మీ. ఎత్తున ఉన్నా పైకి వెళ్లి కిందికి రావడానికి సిగ్నల్‌కు పట్టేది సెకనులో పావు వంతే. మిగతా ప్రాసెసింగ్ అంతా కలుపుకున్నా డిష్ ఆలస్యం కొన్ని సెకన్లే.

చేయగలిగింది కొంత ఉంది. వీడియో మధ్యలో ఒకసారి ఆగి తిరుగుతూ కనిపించిందంటే ఆ ఆగిన సమయమంతా ఆలస్యానికి కలుస్తుంది. అది దానంతటది తగ్గదు. కాబట్టి అప్పుడప్పుడూ ‘లైవ్’ అన్న బటన్ నొక్కండి. లేదా యాప్ మూసి మళ్లీ తెరవండి. స్కోరు యాప్‌ల నోటిఫికేషన్లు, కుటుంబం వాట్సాప్ గ్రూపు మ్యాచ్ అయ్యేదాకా మ్యూట్‌లో పెట్టండి. టీవీ శబ్దం ఆపి ఆకాశవాణి వ్యాఖ్యానం వినే అలవాటున్నవాళ్లకు ఇదే ఇబ్బంది తిరగబడి వస్తుంది. మామూలు రేడియో సెట్టులో వచ్చే మాట టీవీ బొమ్మ కన్నా ముందుంటుంది. మాట ఆకాశవాణి యాప్‌లో వింటుంటే రెంటిలో ఏది ముందుంటే దాన్ని కొన్ని సెకన్లు పాజ్ చేసి కలుపుకోవచ్చు.

డేటా లెక్క కూడా తెలిసి ఉండాలి. 5 ఎంబీపీఎస్ నాణ్యతలో చూస్తే గంటకు 2.25 జీబీ ఖర్చవుతుంది. రోజుకు 2 జీబీ ప్యాక్ ఉన్నవాళ్లకు అది 53 నిమిషాల్లో, అంటే పన్నెండో పదమూడో ఓవర్‌కు అయిపోతుంది. విరామంతో కలిపి వన్డే ఏడున్నర గంటలు. నాణ్యత 1 ఎంబీపీఎస్‌కు తగ్గించుకుంటే మొత్తం మ్యాచ్ మూడున్నర జీబీ లోపు అవుతుంది. చిన్న తెరమీద అది చాలు.

ప్రశ్న: కొత్తగా 55 అంగుళాల టీవీ కొన్నాం. సినిమా బ్రహ్మాండంగా ఉంది. క్రికెట్ పెడితే బంతి వెనక తోకలా నీడ పడుతోంది, ఒక్కోసారి బంతే మాయమవుతోంది. స్పోర్ట్స్ మోడ్ పెట్టినా తగ్గలేదు. – ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: 140 కి.మీ. వేగంతో వేసిన బంతి సెకనుకు దాదాపు 39 మీటర్లు కదులుతుంది. సెకనులో యాభయ్యో వంతులో అది 78 సెంటీమీటర్లు జరిగిపోతుంది. మీ టీవీ రెండు బొమ్మల మధ్య లేని బొమ్మను తనే ఊహించి చొప్పిస్తోంది. ఎర్రమట్టి పిచ్‌మీద, జనం నిండిన గ్యాలరీ ముందు అంత దూరం దూకిన చిన్న తెల్లబంతి ఎక్కడుందో దానికి అందదు. ఆ తోక, ఆ మాయం అందుకే. స్పోర్ట్స్ మోడ్ చాలా సెట్లలో ఈ ఊహించే పనిని ఇంకా పెంచుతుంది, పచ్చికను రేడియం రంగులోకి మారుస్తుంది. దాన్ని తీసేయండి.

పిక్చర్ సెట్టింగ్స్‌లో ఈ సదుపాయానికి ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది. సోనీలో మోషన్‌ఫ్లో, ఎల్‌జీలో ట్రూమోషన్, సామ్‌సంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ లేదా పిక్చర్ క్లారిటీ. పూర్తిగా ఆపండి. ఆపితే బొమ్మ అదురుతున్నట్టు అనిపిస్తే ‘కస్టమ్’లోకి వెళ్లి అతి తక్కువలో పెట్టండి. తర్వాత షార్ప్‌నెస్, నాయిస్ రిడక్షన్ రెండూ బాగా తగ్గించండి. నాయిస్ రిడక్షన్‌కు దూరంగా గాల్లో ఉన్న బంతి కూడా చెరిపేయాల్సిన మచ్చలాగే కనిపిస్తుంది. చివరిగా మీ సెట్‌టాప్ బాక్స్‌లో హెచ్‌డీ ఛానల్ చూస్తున్నారో లేదో సరిచూసుకోండి. పెద్ద తెర కొని ఎస్‌డీ ఛానల్ చూస్తున్న ఇళ్లు చాలానే ఉన్నాయి.

ప్రశ్న: మా అన్నయ్య ఇంట్లో ఫ్రీ డిష్ మీద డీడీ స్పోర్ట్స్‌లో మ్యాచ్ వస్తుంది. మా కేబుల్‌లో అదే ఛానల్ పెడితే ఇంకేదో కార్యక్రమం. కేబుల్ ఆయన్ని అడిగితే ‘మా చేతుల్లో లేదమ్మా’ అంటాడు. నిజమేనా? – ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: ఆయన చెప్పింది నిజమే. జాతీయ ప్రాముఖ్యం ఉన్న మ్యాచ్‌ల ప్రసారాన్ని హక్కులు కొన్న ప్రైవేటు సంస్థ దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతితో పంచుకోవాలని 2007లో చట్టం వచ్చింది. అయితే ఆ సిగ్నల్‌ను దూరదర్శన్ తన టవర్ల ద్వారా, తన ఫ్రీ డిష్ ద్వారా మాత్రమే ఇవ్వాలని, ప్రైవేటు కేబుల్, డీటీహెచ్‌లకు పంపకూడదని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే ఒకే ఛానల్‌లో రెండు చోట్ల రెండు కార్యక్రమాలు. ఫ్రీ డిష్‌లోనూ అన్ని మ్యాచ్‌లూ వస్తాయనుకోవద్దు. భారత పురుషుల జట్టు ఆడే వన్డేలు, టీ20లు, ప్రపంచకప్ సెమీఫైనళ్లు, ఫైనల్ ఆ జాబితాలోవి. వేరే దేశాల మధ్య జరిగే లీగ్ మ్యాచ్ అందులో ఉండదు.

ప్రశ్న: ప్రపంచకప్ మ్యాచ్ మన దగ్గర జరిగితే 68 ఏళ్ల నాన్నగారిని తీసుకెళ్లాలని ఉంది. ఆయన జీవితమంతా టీవీలోనే చూశారు. ఎక్కడ కూర్చోవాలి, ఏం చూడాలి, ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? – ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: తప్పకుండా తీసుకెళ్లండి. 68 ఏళ్లంటే టీవీ కెమెరా చూపించిన ఆటే ఇన్నేళ్లూ చూశారన్నమాట. ఆ కెమెరా బంతి వెంటే పోతుంది. మిగతా పదిమంది ఏం చేస్తున్నారో స్టేడియంలోనే తెలుస్తుంది.

ముందు సీటు సంగతి. బౌలర్ వెనక వైపు ఎత్తులో కూర్చుంటే టీవీలో కనిపించే కోణమే దొరుకుతుంది. స్వింగ్, స్పిన్, లైన్ (బంతి వికెట్లకు సూటిగా వస్తోందా, పక్కకు పోతోందా) తెలుస్తాయి. పిచ్‌కు అడ్డంగా, పక్క స్టాండ్‌లో కూర్చుంటే లైన్ అస్సలు తెలియదు. ఎల్‌బీ అప్పీలు మీద మీ అభిప్రాయానికి విలువ ఉండదు. కానీ వేగం, లెంగ్త్, బౌన్స్ అక్కడి నుంచి చూస్తేనే ఒళ్లు జలదరిస్తుంది. టీవీలో దూరం నుంచి లాగి చూపే లెన్స్ 20 మీటర్ల పిచ్‌ను కుదించి చూపుతుంది కాబట్టి, ఫాస్ట్ బౌలర్‌కు కీపర్ ఎంత వెనక నిలబడతాడో ఇంట్లో అంతుపట్టదు. పక్కనుంచి చూస్తే కీపర్ నిలబడే చోటు బౌలర్‌కో తీరుగా మారడం కనిపిస్తుంది. దాన్నిబట్టే ఎవరి బంతి ఎంత లేస్తోందో చెప్పేయొచ్చు. మొదటిసారి వెళ్లేవాళ్లకు మా ఓటు పక్క స్టాండ్‌కే, కింది వరుసల్లో కాకుండా మధ్య ఎత్తులో. మరీ కిందికి దిగితే బౌండరీ బోర్డులు, నిలబడే జనం తప్ప ఫీల్డింగ్ అమరిక కనిపించదు.

ఉప్పల్‌లో పిచ్ ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. ఒక చివరి పేరే నార్త్ ఎండ్. పగలు-రాత్రి మ్యాచ్‌లో మూడున్నర నుంచి సూర్యాస్తమయం దాకా తూర్పు స్టాండ్‌లో కూర్చున్నవారి ముఖం మీదే ఎండ. పెద్దవారితో వెళ్తున్నారు కాబట్టి పడమటి స్టాండ్‌లోనే చూసుకోండి.

ఏం చూడాలంటే, బౌలర్ వెనక్కి నడిచే అర నిమిషం. టీవీలో అప్పుడు రీప్లేనో ప్రకటనో వస్తుంది. స్టేడియంలో అసలు ఆట అప్పుడే నడుస్తుంది. వన్డేలో మొదటి 10 ఓవర్లు (పవర్‌ప్లే) పిచ్ చుట్టూ గీసిన 30 గజాల వలయం బయట ఇద్దరే ఉండాలి, 11 నుంచి 40 దాకా నలుగురు, చివరి పదిలో అయిదుగురు. ప్రతి బంతికీ ముందు బయట ఎంతమంది, ఎక్కడెక్కడ అని నాన్నగారిని లెక్కపెట్టమనండి. ఫైన్‌లెగ్ వెనక్కి వెళ్లి, స్క్వేర్‌లెగ్ బౌండరీ దగ్గర ఇంకొకడు చేరాడంటే చాలాసార్లు తర్వాత వచ్చేది షార్ట్ బాలే. నాలుగైదు ఓవర్లకు ఆయనే ముందుగా చెప్పడం మొదలుపెడతారు. గాల్లోకి లేచిన బంతి దూరం గ్యాలరీ నుంచి అంచనాకు అందదు. బంతిని కాక, దాని కింద ఉన్న ఫీల్డర్‌ను చూడండి. అతను నిలకడగా ఉంటే క్యాచ్, వెనక్కి పరుగెత్తుతుంటే అనుమానం, నిలబడిపోయి తల పైకెత్తితే సిక్సే. బ్యాట్ చప్పుడు ఆలస్యంగా వినిపిస్తే కంగారుపడొద్దు. 75 మీటర్ల దూరం శబ్దం రావడానికి సెకనులో ఐదో వంతు పైనే పడుతుంది.

వ్యాఖ్యానం ఉండదు. అవుటైంది ఎలాగో ఒకసారి పెద్ద తెరమీద చూపిస్తారు, అది తప్పితే మళ్లీ లేదు. కాబట్టి బంతి వేసేటప్పుడు ఫోన్ జేబులో ఉండాలి.

ఇక ప్రయాణం. మ్యాచ్ రోజు స్టేడియం చుట్టూ మొబైల్ నెట్ మొండికేస్తుంది. క్యూఆర్ టికెట్ ఇంట్లోనే తెరిచి ఫోన్‌లో పెట్టుకోండి, ఛార్జింగ్ నిండుగా ఉంచుకోండి. పవర్ బ్యాంకు, నీళ్ల సీసా, బ్యాగు, నాణేలు, అగ్గిపెట్టె చాలా మైదానాల్లో గేటు దగ్గరే ఆపేస్తారు. టికెట్‌తో ఇచ్చే జాబితా చదివాకే బయల్దేరండి. నాన్నగారి మందులుంటే స్ట్రిప్‌తోపాటు డాక్టరు చీటీ ఉండాలి. ఉప్పల్‌కు బ్లూ లైన్‌లో స్టేడియం స్టేషన్‌లో దిగి కొంత నడవాలి. తిరుగు ప్రయాణంలో టికెట్ క్యూలో నిలబడకుండా మెట్రో కార్డులో ముందే డబ్బు వేసుకోండి. విశాఖలో మైదానం పీఎం పాలెంలో, జాతీయ రహదారి పక్కన ఉంది. మ్యాచ్ అయ్యాక ఆటోలు దొరికే చోటు ముందే చూసి పెట్టుకోవడం మంచిది. టాయిలెట్‌కు ఇన్నింగ్స్ విరామంలో వెళ్తే అరగంట క్యూ. దానికన్నా 30, 35 ఓవర్ల మధ్య ఎప్పుడైనా వెళ్లిరండి.

లక్ష్యం పెద్దదైందని మధ్యలో లేవొద్దు. 2023 అక్టోబర్ 10న ఉప్పల్‌లో శ్రీలంక 344 కొడితే పాకిస్థాన్ 48.2 ఓవర్లలో కొట్టేసింది. పురుషుల ప్రపంచకప్‌లో అంత పెద్ద ఛేదన అంతకుముందు లేదు. 2025 అక్టోబర్ 12న విశాఖలో మహిళల ప్రపంచకప్‌లో మన అమ్మాయిలు 330 చేస్తే, కెప్టెన్ అలీసా హీలీ 142 పరుగులతో ఆస్ట్రేలియా గెలిచింది, అప్పటికి అదీ రికార్డే. 18 రోజులకే నవీ ముంబైలో సెమీఫైనల్‌లో భారత్ అదే ఆస్ట్రేలియా మీద 339 ఛేదించి ఆ రికార్డును దాటేసింది. కడప జిల్లా శ్రీచరణి ఆడిన ఆ జట్టే నవంబర్ 2న కప్పు గెలిచింది. తెలుగు నేల మీది ఆ రెండు రాత్రుల్లోనూ విరామంలోనే లేచి వెళ్లినవాళ్లు చూడకుండా పోగొట్టుకున్నది చాలా ఎక్కువ.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. భారత్‌లో మ్యాచ్‌ల టైము ఒకసారి లెక్కేసి అలారం పెట్టుకుంటే నవంబర్‌లో గంట తేడా వచ్చి మొదటి పన్నెండు ఓవర్లు పోయాయి. 2027లో దక్షిణాఫ్రికా అంటున్నారు, అప్పుడెలా? – ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: భారత్ గడియారం ఎప్పుడూ మారదు, మీది మారుతుంది. అమెరికాలో నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కి జరుపుతారు. అక్టోబర్‌లో మనకూ డాలస్‌కూ తేడా పదిన్నర గంటలు. మధ్యాహ్నం 2 గంటల మ్యాచ్ మీకు తెల్లవారుజామున 3.30కి మొదలవుతుంది. గడియారం మార్చాక తేడా పదకొండున్నర, అదే మ్యాచ్ 2.30కే. 2023 నవంబర్ 19 ఫైనల్ అలాగే మీకు 2.30కే మొదలైంది. న్యూజెర్సీవాళ్లు ఈ రెండు సమయాలకూ గంట కలుపుకోవాలి. అలారంకు బదులు క్యాలెండర్‌లో ‘భారత సమయం’ ఎంచుకుని మ్యాచ్‌లు నమోదు చేసుకుంటే ఫోనే సరిచేస్తుంది.

2027 వన్డే ప్రపంచకప్ అక్టోబర్, నవంబర్‌లలో దక్షిణాఫ్రికా, జింబాబ్వే, నమీబియాలలో. దక్షిణాఫ్రికా మనకన్నా మూడున్నర గంటలు వెనక, మీకన్నా అక్టోబర్‌లో ఏడు గంటలు, గడియారం మారాక ఎనిమిది గంటలు ముందు. అక్కడ ఉదయం 10కి మొదలయ్యే మ్యాచ్ తెలుగు రాష్ట్రాల్లో 1.30కి, మీ దగ్గర తెల్లవారుజామున 3కు, నవంబర్ మొదటి ఆదివారం నుంచి 2కు. మధ్యాహ్నం 2కు మొదలయ్యేది మాత్రం మీకు ఉదయం 7, తర్వాత 6. ఆఫీసుకు బయల్దేరే ముందు మొదటి పవర్‌ప్లే పూర్తిగా చూడొచ్చు. మిగతాది సాయంత్రం రికార్డింగ్‌లో చూడాలనుకుంటే యాప్ హోమ్‌పేజీకి వెళ్లకండి, ఫలితం అక్కడి బొమ్మ మీదే రాసి ఉంటుంది. మ్యాచ్ లింకును ముందురోజే దాచుకుని నేరుగా దాన్నే తెరవండి. వీడియో కింద కనిపించే మొత్తం నిడివిని కూడా కాగితంతో కప్పేయండి. గీత మరీ పొట్టిగా ఉంటే ఛేదన తొందరగా ముగిసిందని పట్టేస్తారు.