ఎండకు వేడెక్కి ఆగిపోయే పాత బుల్లెట్: ముందు ఏం చూడాలి?

మీ పాయింట్ల (స్పార్క్ కోసం కరెంటును కలిపి విడదీసే చిన్న స్విచ్) బుల్లెట్ నల్గొండలో బాగానే స్టార్టయి, దేవరకొండ దారిలో ఎండకు ఆగి, అరగంట చల్లారాక మళ్లీ అందుకుంటోందంటే నా మొదటి అనుమానం కండెన్సర్ (పాయింట్ల మధ్య మెరుపు లేవకుండా ఆపేది) మీదే, తర్వాత కాయిల్ (ప్లగ్‌కు హై వోల్టేజ్ ఇచ్చేది) మీద.

బండి ఆగిన వెంటనే గుడ్డతో పట్టుకుని ప్లగ్ విప్పండి. క్యాప్‌కు తగిలించి, ప్లగ్ రంధ్రానికి దూరంగా ఇంజన్‌కు ఆనించి కిక్ కొట్టండి. చేత్తో మాత్రం పట్టుకోవద్దు, షాక్ కొడుతుంది. చల్లారాక చూస్తే లాభం లేదు, అప్పుడు స్పార్క్ బాగానే వస్తుంది.

నీలంగా గట్టిగా వస్తే పెట్రోల్ వైపు చూడండి. పసుపుగా, నీరసంగా ఉంటే పాయింట్ల మూత తీయండి. అవి నల్లగా కాలి, విడిపోయేటప్పుడు మధ్యలో పెద్దగా మెరుస్తుంటే కండెన్సర్ మార్చండి. పాయింట్లు శుభ్రం చేసి గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. పెట్టండి. అయినా వేడికి ఆగితే కాయిల్ మార్చి చూడండి.