అక్వేరియం ప్రశ్నలు – జవాబులు: కొత్త సాఫ్ట్ కోరల్ విచ్చుకోకపోతే

ప్రశ్న: మా 20 గాలన్ల రీఫ్ ట్యాంకు (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) పెట్టి ఆరు నెలలైంది. ఆన్‌లైన్‌లో టోడ్‌స్టూల్ లెదర్, జోవాలు, రెండు మష్రూమ్‌లు అనే సాఫ్ట్ కోరల్స్ (మెత్తటి పగడాలు) తెప్పించాను. సంచిలోకి ట్యాంకు నీళ్ళు చుక్కచుక్కగా గంటన్నర వదిలి (డ్రిప్ చేసి), వెలుతురు బాగా తగలాలని పై రాతి మీద పెట్టాను. మూడు రోజులైనా జోవాలు విచ్చుకోలేదు. లెదర్ ముడుచుకుని మైనం పూసినట్టుంది. రోజూ చోటు మార్చి చూస్తున్నాను. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: ముందు చోటు మార్చడం ఆపండి. మార్చిన ప్రతిసారీ వెలుతురుకూ ప్రవాహానికీ కోరల్ మళ్ళీ మొదటి నుంచి అలవాటు పడాలి.

లెదర్ గురించి కంగారు అక్కర్లేదు. టోడ్‌స్టూల్ అప్పుడప్పుడు పై పొరను వదిలించుకుంటుంది. చోటు మారినప్పుడు ఇది వారం పది రోజులు కూడా సాగుతుంది. పవర్‌హెడ్‌ను (ట్యాంకులో నీళ్ళు కదిలించే పంపును) కాస్త తిప్పి పక్క నుంచి ప్రవాహం తగిలేలా చేస్తే పొర దానంతటదే ఊడుతుంది. గోటితో గీకొద్దు. కాడ గట్టిగా ఉన్నంతవరకు భయం లేదు. మెత్తబడి, గోధుమరంగు జిగురు కారుతూ కుళ్ళు వాసన వస్తే మాత్రం అదే రోజు బయటికి తీసి, చెడిన భాగాన్ని మంచి కండ కనబడేదాకా బ్లేడుతో కోసేయండి.

పొరపాటు డ్రిప్ దగ్గర జరిగి ఉండొచ్చు. పార్సిల్‌లో రాత్రంతా ఉన్న సంచిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ పడిపోతుంది. అందుకే అందులోని అమ్మోనియా అంతగా హాని చేయదు. సంచి విప్పగానే ఆ వాయువు పోయి పీహెచ్ పెరుగుతుంది, అమ్మోనియా విషమవుతుంది. గంటన్నర డ్రిప్ అంటే కోరల్‌ను ఆ విషంలో నానబెట్టడమే. మళ్ళీ తెప్పించినప్పుడు మూసిన సంచిని 15–20 నిమిషాలు ట్యాంకులో తేలనిచ్చి, విప్పి రిఫ్రాక్టోమీటర్‌తో (ఉప్పును కొలిచే పరికరంతో) ఉప్పు చూడండి. మీ నీటితో సాపేక్ష సాంద్రతలో (స్పెసిఫిక్ గ్రావిటీ) తేడా 0.002 లోపుంటే డ్రిప్ అవసరమే లేదు. ఎక్కువుంటే ట్యాంకు నీళ్ళు కొంచెం కొంచెంగా కలుపుతూ అరగంటలో ముగించండి. సంచి నీళ్ళు సింకులోకే పోవాలి.

తర్వాత డిప్, అంటే పురుగులు పోయేలా మందు నీళ్ళలో ముంచడం. తెల్లటి డబ్బాలో ట్యాంకు నీళ్ళు పోసి, కోరల్ డిప్ మందు సీసా మీద రాసిన మోతాదులో కలిపి, అక్కడ చెప్పినంత సేపు ఉంచండి. మధ్యలో టర్కీ బేస్టర్‌తో (రబ్బరు బుడ్డి ఉన్న పెద్ద పిప్పెట్‌తో) నీళ్ళు చిమ్మితే జోవాలను తినే నుడిబ్రాంక్‌లు (పెంకు లేని సముద్రపు నత్తలు) రాలి తెల్లటి అడుగు మీద కనబడతాయి. వాటి గుడ్లు మాత్రం డిప్‌కు చావవు. మరో డబ్బా మంచి నీళ్ళలో, అంటే ట్యాంకు నీళ్ళలోనే, కడిగి, ఫ్రాగ్ ప్లగ్ (కోరల్ ముక్కను, అంటే ఫ్రాగ్‌ను, అంటించిన బిళ్ళ) అడుగున కూడా వెతికి, వారం తర్వాత రెండో డిప్ ఇవ్వండి.

పై రాయి మాత్రం తొందరపాటే. కోరల్ కణజాలంలోని సూక్ష్మ శైవలాలు అలవాటు లేని తీవ్రమైన వెలుతురులో ఆక్సిజన్ రాడికల్స్‌ను పుట్టిస్తాయి. కోరల్ ఆ శైవలాలను బయటికి తోసేసి తెల్లబడుతుంది. అన్నిటినీ ఇసుక మీదికి దించి, ఎల్ఈడీ తీవ్రతను సగానికి తగ్గించి, మూడు రోజులకోసారి 5 శాతం పెంచండి. నెల్లాళ్ళకు పూర్తి వెలుతురు వస్తుంది. జోవాలను, లెదర్‌ను తర్వాత నెమ్మదిగా పైకి తీసుకెళ్ళొచ్చు. మష్రూమ్‌లు అక్కడే, ప్రవాహం తక్కువగా ఉన్న మూల బాగుంటాయి.

ఇక ఉప్పు. రాళ్ళూ ఇసుకా పోగా మీ ట్యాంకులో నీళ్ళు 60 లీటర్లే అనుకోండి. 2 లీటర్లు ఆవిరైతే 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో 35 భాగాలు) ఉన్న ఉప్పు 36.2 అవుతుంది. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు కనుక రోజూ ఆర్వో డీఐ (వడపోతతో లవణాలు తీసేసిన) మంచినీళ్ళే పోయాలి, ఉప్పునీళ్ళు కాదు. నైట్రేట్ 5–10, ఫాస్ఫేట్ 0.03–0.1 పీపీఎం ఉండనివ్వండి. సున్నాకు తెచ్చి ‘శుభ్రం’ చేసిన నీళ్ళలో సాఫ్ట్ కోరల్స్ వడలిపోతాయి. లెదర్లు చుట్టూ ఉన్నవాటిని అణచడానికి నీళ్ళలోకి రసాయనాలు వదులుతాయి కనుక చిన్న ట్యాంకులో యాక్టివేటెడ్ కార్బన్ తప్పనిసరి. మూడు వారాలకోసారి మార్చండి.

ప్రశ్న: జోవాలున్న రాతి మీద నాచు పట్టింది. వేడినీళ్ళతో బ్రష్ చేయొచ్చా?

జవాబు: వద్దే వద్దు. కొన్ని జోవాల్లో, ముఖ్యంగా పాలిథోవాలనే రకంలో, పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. మరిగించినా, వేడినీళ్ళతో రుద్దినా ఆవిరితో, తుంపరలతో ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలున్నాయి. ఫ్రాగ్ కోసినా, ప్లగ్ నుంచి ఊడదీసినా నైట్రైల్ గ్లవ్స్, కళ్ళద్దాలు ఉండాలి. నాచును ట్యాంకులోనే చేత్తో పీకి, మిగిలింది నత్తలకు వదిలేయండి.

ప్రశ్న: విశాఖ తీరంలో రాళ్ళకు అంటుకున్న పగడాలు తెచ్చి ట్యాంకులో పెట్టుకోవచ్చా?

జవాబు: వీల్లేదు. రీఫ్ కట్టే గట్టి పగడాలు, సీ ఫ్యాన్లు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. చచ్చిన పగడపు రాయి తెచ్చినా నేరమే. సిరామిక్ రాక్ కొనుక్కోండి.