విమానంలో చేపలు, కోరల్స్ తెచ్చుకోవచ్చా? ఎనిమిది డిస్కస్ చేపలు తెచ్చుకున్నవాడిగా నా జవాబు

"మాది చిత్తూరు. ముంబై నుంచి ఒక జత క్లౌన్ ఫిష్, నాలుగైదు కోరల్ ముక్కలు విమానంలో చేతిసంచిలో పెట్టుకొని రావచ్చా?" అని అడిగారు.

ముందు కోరల్ సంగతి. వద్దు. రాతి పగడాలు, నల్ల పగడాలు, సీ ఫ్యాన్లు (విసనకర్రలా విచ్చుకునే పగడాలు), వీటన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. సముద్రపు గుర్రాలు (సీ హార్స్ చేపలు) కూడా అందులోనే ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వీటికీ ఉంది. దొరికితే 3 ఏళ్లకు తగ్గకుండా, 7 ఏళ్ల దాకా జైలు. "ఇది విదేశీ సరుకు సార్" అని అమ్మేవాడు అంటాడు. రాతి పగడం దేశం దాటాలంటే సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారం మీద దేశాల మధ్య ఉన్న ఒప్పందం) పర్మిట్ కావాలి, ఆ కాగితం చూపించమనండి. రామేశ్వరం యాత్రకు పోయి ఒడ్డున దొరికిందని తెల్ల పగడపు రాయిని సంచిలో వేసుకొచ్చి షోకేసులో పెట్టుకున్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. చచ్చిన ముక్కకైనా చట్టం అదే. ఆ ఒడ్డు పొడుగునా ఉన్నది మన్నార్ సింధుశాఖ మెరైన్ నేషనల్ పార్కు. మనం తలా ఒక ముక్క ఎత్తుకొస్తే అక్కడ ఏం మిగులుతుంది?

చేతిసంచి మాట కూడా మర్చిపోండి. అమెరికాలో నీళ్లతో సహా బతికున్న చేపను పారదర్శకమైన డబ్బాలో పెట్టుకొని సెక్యూరిటీ దాటనిస్తారు. ఆ వీడియోలు చూసి ఇక్కడా అంతే అనుకుంటున్నారు మనవాళ్లు. ఇక్కడ పద్ధతిగా వచ్చే చేప కార్గోలో వస్తుంది. అది కూడా మనం ఎక్కే విమానమే, మన కాళ్ల కింద ఉండే అరలో. ఆ అరలో గాలి ఉండదనీ, గడ్డకట్టే చలి అనీ చాలామంది భయపెడతారు. తప్పు. మనం కూర్చునే చోట ఎంత పీడనమో అక్కడా అంతే. బతికున్న ప్రాణి ఎక్కితే ఆ విషయం కాగితం మీద పైలట్‌కు ఇస్తారు కూడా.

నేను నమ్మేది ఒకటే. చేపకు గండం ఆకాశంలో లేదు, నేల మీదే ఉంది. ఎందుకంటున్నానో చెప్తా.

నాలుగేళ్ల కింద, మే నెలలో, పని మీద కోల్‌కతా పోయినా. అక్కడ డిస్కస్ అనే మంచినీటి అక్వేరియం చేపలు పెంచే ఒకాయన దగ్గర ఎనిమిది పిల్లలు చూసి మనసు ఆగలేదు. ఆయన పనిమంతుడు. రెండు రోజులు మేత ఆపి పెట్టినాడు, కడుపు ఖాళీగా ఉంటే సంచిలో నీళ్లు త్వరగా చెడవని. సంచికొక చేప, మూడోవంతు నీళ్లు, మిగతాదంతా ఆక్సిజన్. సంచి మూలల్లో చేప ఇరుక్కోకుండా రబ్బరు బ్యాండ్లు వేసినాడు. గాలి మాత్రం బిర్రుగా కొట్టలేదు. విమానంలో పీడనం సుమారు 8,000 అడుగుల కొండ మీద ఉన్నంతకు పడిపోవచ్చు, అప్పుడు సంచిలో గాలి దాదాపు మూడోవంతు ఉబ్బుతుంది. తిరుమల కొండ ఎత్తు 3,000 అడుగుల లోపే, అంతకు రెండున్నర రెట్లకు పైన అనుకోండి.

పొద్దున ఆరుకు మూత పడిన థర్మాకోల్ పెట్టె చెన్నైలో నా చేతికి వచ్చేసరికి రాత్రి తొమ్మిది. గాల్లో ఉన్నది రెండున్నర గంటలే. మిగతా పన్నెండున్నర గంటలు గోడౌన్లో, ఎండలో, విమానం ఆలస్యంలో, ఆ తర్వాత ఒక సంతకం కోసం పోయినాయి. నాకు అరవం బాగా వచ్చు, బతిమాలినా. "ఇది చేపల పెట్టె సార్, లోపల ప్రాణాలున్నాయి" అంటే కౌంటర్లో ఆయన తల కూడా ఎత్తలేదు. పెట్టె మీద "బతికున్న చేపలు" అని ఎర్రక్షరాలతో రాసి ఉన్నా, దాని మీద వేరే అట్టపెట్టె పెట్టి ఉంది. ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ కోపమొస్తుంది.

తిరుత్తణి, నగరి, పుత్తూరు మీదుగా ఇంటికి చేరేసరికి ఒంటిగంట దాటింది. పెట్టె తీస్తే ఎనిమిదీ బతికే ఉన్నాయి! మా ఆవిడ దేవుడికి దండం పెట్టుకొనింది. నేను ఐదు సంచులు విప్పి, చేపల్ని ఆ నీళ్లతోనే బకెట్లో పోసి, సన్న పైపుతో మా ట్యాంకు నీళ్లు చుక్క చుక్కగా వదిలినా. అలా మెల్లగా అలవాటు చేయాలని ఎక్కడ చూసినా అదే రాసుంటుంది కదా. ముప్పావు గంటకు ఐదూ పైకొచ్చి నోళ్లు తెరిచి ఎగపోయడం మొదలుపెట్టినాయి. ఇక్కడ అక్వేరియం షాపు నడిపే తమ్ముడికి రాత్రి రెండు గంటలకు ఫోన్ చేసినా. ఎత్తినాడు, పుణ్యాత్ముడు.

"అన్నా, మిగతా మూడు సంచులు విప్పొద్దు. కట్టు అట్లే ఉంచి ట్యాంకులో తేలేసి పెట్టు, వేడి సమానమైనాక విప్పి, చేపని చేత్తో తీసి నేరుగా ట్యాంకులో వెయ్. ఆ నీళ్లు చుక్క కూడా ట్యాంకులో పడగూడదు" అన్నాడు.

అట్లే చేసినా. మూడూ బతికినాయి. బకెట్లోవి ఐదూ తెల్లారేలోపు పోయినాయి.

కారణం తర్వాత తెలుసుకున్నా. మూసిన సంచిలో చేప వదిలే బొగ్గుపులుసు గాలికి నీళ్లు పుల్లబడతాయి. ఆ పులుపులో చేప విసర్జించే అమ్మోనియా పెద్దగా విషం కాకుండా ఉంటుంది. సంచి విప్పగానే ఆ గాలి పోతుంది, పీహెచ్ (నీళ్ల పులుపును చెప్పే అంకె, పులుపు తగ్గేకొద్దీ పెరుగుతుంది) లేస్తుంది. పీహెచ్ ఒక అంకె పెరిగితే విషపు అమ్మోనియా దాదాపు 10 రెట్లు. ఆ రాత్రి సంచి నీళ్లు 6 దగ్గర, మా ట్యాంకు 7.6. నేను పోసిన ప్రతి చుక్కా వాటి మొప్పల్ని కాల్చింది. పక్క వీధి షాపు నుంచి అరగంటలో తెచ్చిన చేపకు చుక్కల పద్ధతి సరే. పది గంటలు దాటిన సంచికి అది పనికిరాదని నేను గట్టిగా చెప్తా, ఎవరేమన్నా సరే.

మీ క్లౌన్ ఫిష్‌కు ఈ గండం ఇంకా ఎక్కువ. సముద్రపు నీళ్ల పీహెచ్ మామూలుగానే 8.2 దగ్గర ఉంటుంది. సంచి విప్పకముందే ట్యాంకులో వేడి, ఉప్పదనం ఆ సంచిలో ఉన్నంతే ఉండేట్టు చూసుకోండి. ఉప్పదనం ఎంత పెట్టి పంపుతున్నారో అమ్మేవాళ్లను ముందే అడగండి. హ్యాచరీలో పుట్టిన జతే కావాలనండి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు క్లౌన్ ఫిష్‌ను తొట్టెల్లో పొదిగించే పద్ధతి ఎప్పుడో సాధించినారు, సముద్రంలో పగడపు దిబ్బల్లోంచి పట్టిన చేప మనకెందుకు?

చెన్నైకి నేరుగా వచ్చే రాత్రి విమానంలో కార్గో బుక్ చేయించి, తెల్లవారుజామునే పెట్టె తీసుకోండి. ఏ నెలలో తేవాలనుకుంటున్నారో రాయలేదు. ఏప్రిల్, మే అయితే మాత్రం దయచేసి నవంబరు దాకా ఆగండి.