మీ ప్రశ్న – మా జవాబు: లెక్కకు చిక్కిన అణువు

ప్రశ్న: అంతరిక్షంలో ఫలానా అణువు ఉందని కంప్యూటర్ లెక్కలతో ఎలా చెబుతారు? చూడకుండానే పేరు పెట్టేస్తారా?
– ఇంటర్ విద్యార్థిని, నెల్లూరు

జవాబు: అంత తేలిగ్గా పెట్టరమ్మా! సింహరాశిలో ఐఆర్‌సీ+10216 అనే ముసలి నక్షత్రం ఉంది. జపాన్‌లోని నొబెయామా 45 మీటర్ల రేడియో టెలిస్కోపుతో దాన్ని గాలించినవారు 1995లో కొన్ని అనామక రేఖలను ప్రకటించారు. రేఖలంటే, గిరగిరా తిరిగే అణువు కొన్ని ఫలానా పౌనఃపున్యాల దగ్గరే పంపే రేడియో సంకేతాలు; అనామకం అంటే అవి ఏ అణువువో తెలియదని. రేఖకూ రేఖకూ ఎడం సుమారు 2,754 మెగాహెర్ట్జ్. ఎడం అంత సమంగా ఉందంటే, గిరగిరా తిరుగుతున్నది పుల్లలా తిన్నగా ఉన్న అణువన్నమాట. అది ఏదో తెలియక, ఎడంలో సగాన్ని పట్టుకుని ‘బి1377’ అని పిలిచి ఊరుకున్నారు.

2000లో కంప్యూటర్‌పై చేసిన క్వాంటం లెక్కలు ఒక అనుమానితుణ్ణి చూపించాయి: ఆరు కార్బన్లు, ఒక హైడ్రోజన్, అదనంగా ఒక ఎలక్ట్రాన్. రేఖల ఎడం అణువులోని పరమాణువుల మధ్య దూరాలను బట్టి ఉంటుంది; ఈ రుణ అయానులో ఆ దూరాలు లెక్కగడితే ఎడం దాదాపు సరిపోయింది. నాకు నచ్చిన సంగతేమిటంటే, లెక్క కుదిరింది కదా అని ఎవరూ తొందరపడలేదు. 2006లో హార్వర్డ్-స్మిత్సోనియన్ బృందం ఆ అయానును ప్రయోగశాలలో పుట్టించి, రేఖలు కొలిచి, అదేనని తేల్చింది. అంతరిక్షంలో దొరికిన మొట్టమొదటి రుణ అయాను అదే. వృషభరాశిలోని ఒక చీకటి మేఘంలోనూ అది అప్పుడే పట్టుబడింది.